హస్తకళలకు అంగడి చూపిన కమలాదేవి

నారాయణగూడ పాఠశాలలకు గన్‌ఫౌండ్రీ చాల దూరము కాదు. లేపాక్షి యను ప్రభుత్వ హస్తకళల విక్రయశాల అచట పెక్కేండ్లు నడచినది. నిర్మల బొమ్మలు, పెంబర్తి ఇత్తడి పని, కరీంనగరపు వెండితీగ పని, కాళహస్తి కలంకారి ఒక్క కప్పు క్రింద అమ్ముడుపోవుట నేటి విద్యార్థులకు వింతగా తోచదు. కాని ఒకనాడు పల్లెలో పనిచేయు చేతికిని పట్టణములో కొను చేతికిని నడుమ తరచుగా దళారియే నిలిచెడివాడు. ఆ నడుమ వారధి కట్టుటకు జీవితమును ధారపోసిన వారిలో ముందు తలంపదగినది కమలాదేవి చట్టోపాధ్యాయ.

ఆమె 1903 ఏప్రిల్ 3వ తేదీన మంగుళూరులో జన్మించెను. ఏడేండ్ల వయసున తండ్రి గతించెను. ఆయన వీలునామా వ్రాయకపోవుటచే ఆస్తి సవతి సోదరునికి చెందెను. తల్లి గిరిజాబాయి చిన్న కుమార్తెతో కష్టములపాలయ్యెను. స్త్రీకి స్వంత సంపాదన ఎంత యవసరమో ఆ బాలిక అప్పుడే గ్రహించియుండును. పదునాల్గవ యేట వివాహమును, రెండేండ్లలోనే వైధవ్యమును ఆమె చూచెను. మదరాసులో చదువుకొనుచు, సరోజినీ నాయుడుగారి తమ్ముడగు హరీంద్రనాథుని వివాహమాడెను. వితంతు వివాహమును సమాజము మెచ్చని కాలమది. హరీంద్రనాథుడు హైదరాబాదున పుట్టినవాడు. ఆయన తండ్రి అఘోరనాథుడు ఈ నగరమున ఆధునిక విద్యకు పునాది వేసిన ఆచార్యుడు. నాంపల్లి చెంత ఆ కుటుంబపు గృహము, గోల్డెన్ థ్రెషోల్డ్, నేటికిని నిలిచియున్నది. ఆ దాంపత్యము విడాకులతో ముగిసినను, కమలాదేవి ఒకప్పుడు మన నగరపు కోడలే.

1926లో మదరాసు శాసనసభకు పోటీచేసి ఆమె స్వల్పపు తేడాతో ఓడెను. 1930 ఉప్పు సత్యాగ్రహములో స్త్రీలకు చోటుండవలెనని గాంధీజీతో వాదించి ఒప్పించెను. బొంబాయి వీథులలో ఉప్పు పొట్లములు అమ్మి కారాగారమున కేగెను. చేతితో చేసిన వస్తువును కొనువానికి గర్వము కలుగునట్లు అమ్మవచ్చునను పాఠము అచటనే మొదలైనది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆమె పదవులను కోరలేదు. దేశవిభజనచే నిరాశ్రయులైన వేలాది జనులకు ఫరీదాబాదులో నీడ కల్పించు పనిలో పాల్గొనెను. 1952లో అఖిల భారత హస్తకళల మండలి నాయకత్వము వహించెను. ఢిల్లీలోని కుటీర పరిశ్రమల విక్రయశాలను ఆమె సహకార సంఘము చేపట్టి నడిపినది. దానము ఒకనాటి ఆకలినే తీర్చును. నిలకడగా కొను అంగడి కుటుంబమును నిలుపును. ఆమె కృషి కంతటికి ఇదియే మూలసూత్రము.

ఈ సూత్రము మన కాళహస్తిలో పరీక్షకు నిలిచెను. వెదురు కలముతో రామాయణ భారత గాథలను వస్త్రముపై చిత్రించు ఆ విద్య, ఆలయముల ఆదరణ తగ్గగా, కొద్దిమంది చేతులలోనే మిగిలినది. కరక్కాయ కలిపిన పాలలో బట్ట తడుపుట, ఇనుమును బెల్లమును పులియబెట్టి నల్లసిరా తీయుట, స్వర్ణముఖిలో ఉదుకుట మున్నగు పను లన్నియు గురుముఖతః నేర్వవలసినవే. కమలాదేవి చొరవతో 1950 దశకమున అచట శిక్షణ కేంద్రము వెలసెను. జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటి అనుభవజ్ఞుడు యువకులకు విద్య నేర్పెను. దేవుని తెర పట్టణవాసి కిటికీ తెర యగుట న్యాయమా యని కొందఱు సందేహింపవచ్చును. సందేహము తగినదే. కాని కొనువాడు లేక కలము మూలబడినచో, దేవునికి సైతము తెర యుండదు.

1964లో ఆమె భారత హస్తకళా పరిషత్తును నెలకొల్పెను. 1966లో మెగసెసే పురస్కారమును, 1987లో పద్మవిభూషణమును పొందెను. 1988 అక్టోబరు 29న కన్నుమూసెను.

2014 తరువాత తెలంగాణ హస్తకళల అంగళ్లు గోల్కొండ పేరు ధరించినవి. పేరు మాఱినను చిక్కు తీరలేదు. యంత్రముపై ముద్రించిన బట్ట కలంకారి పేరిట చౌకగా అమ్ముడుపోవుచున్నది. చేతి గీత కొంచెము వంకరపోవును. ఒకే నెమలి రెండుచోట్ల అచ్చుగ్రుద్దినట్లుండదు. ఈ భేదమును ఉపాధ్యాయుడు చూపి విద్యార్థి గుర్తించిననాడు, కమలాదేవి కట్టిన వారధికి మఱియొక రాయి చేరినట్లే.