ఆనందీబాయి జోషి: కాలంతో పోటీపడిన చదువు

విదేశంలో పాశ్చాత్య వైద్యంలో డిగ్రీ అందుకున్న తొలి భారతీయ మహిళగా ఆనందీబాయి జోషి పేరు అందరికీ తెలుసు. ఆ డిగ్రీ కోసం పరాయి దేశంలో ఆమె గడిపిన మూడేళ్ల దినచర్య గురించి తెలిసింది తక్కువ.

ఆమె 1865 మార్చి 31న బొంబాయి సమీపంలోని కల్యాణ్‌లో పుట్టారు. పుట్టింటివారు పెట్టిన పేరు యమున. తొమ్మిదేళ్లకే పెళ్లయింది. భర్త గోపాల్‌రావు తపాలా శాఖ ఉద్యోగి, వయసులో ఆమెకన్నా చాలా పెద్ద. భార్యను చదివించి తీరాలన్నది ఆయన పంతం. పుస్తకం వదిలి వంటింట్లో కనిపించిందని ఆమెను కొట్టినట్లు జీవితచరిత్రలు చెబుతాయి. అప్పట్లో ఆమె చదువు వేళలు ఆమె చేతిలో లేవు.

14 ఏళ్ల వయసులో ఆమెకు బిడ్డ పుట్టి, సరైన వైద్యం అందక పది రోజులకే కన్నుమూశాడు. భర్త పంతంగా మొదలైన చదువు ఆ దుఃఖంతో ఆమె సొంత సంకల్పంగా మారింది. పురుష వైద్యుల దగ్గరకు వెళ్లలేని స్త్రీలకు మహిళా వైద్యులు కావాలని 1883లో శ్రీరాంపూర్ కళాశాలలో చేసిన ప్రసంగంలో ఆమె వివరించారు. అదే ఏడాది భర్త తోడు లేకుండా ఓడెక్కి అమెరికా చేరారు.

ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరేనాటికి ఆమెకు 18 ఏళ్లు. కోర్సు మూడేళ్లు. కొత్త శాస్త్రాన్ని పరాయి భాషలో నేర్చుకోవాలి. హిందువుగా వెళ్లి హిందువుగానే తిరిగొస్తానని ఇచ్చిన మాట ప్రకారం శాకాహారమే తినాలి, అదీ స్వయంగా వండుకోవాలి. ఒకప్పుడు ఏ వంట చేస్తే దెబ్బలు పడ్డాయో, ఇప్పుడు ఆ వంటకే రోజూ సమయం కేటాయించాల్సి వచ్చింది. పొయ్యి దగ్గర గడిచే ప్రతి గంటా చదువులోంచి పోవాలి, లేదా నిద్రలోంచి పోవాలి. పైగా ఎముకలు కొరికే చలి, చీరకట్టు. బయలుదేరకముందే ఆమె ఆరోగ్యం అంతంతమాత్రం.

అయినా గడువు దాటనివ్వలేదు. ప్రాచీన హిందువుల ప్రసూతి పద్ధతులపై పరిశోధనా వ్యాసం సమర్పించి, 1886 మార్చి 11న పట్టా అందుకున్నారు. పండిత రమాబాయి ఆ స్నాతకోత్సవానికి వచ్చారు. కొల్హాపూర్ సంస్థానం అక్కడి ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో మహిళా విభాగం బాధ్యతలు అప్పగించింది.

అప్పటికే క్షయ ఆమెను పట్టుకుంది. స్వదేశం చేరిన కొన్ని నెలలకే, 1887 ఫిబ్రవరి 26న పుణెలో మరణించారు. 22 ఏళ్లు ఇంకా నిండలేదు. వైద్యవిద్యార్థి కాలపట్టికలో పాఠాలకు, పుస్తకాలకు చోటు ముందే ఖాయమవుతుంది. తిండి, నిద్ర, వెచ్చదనం మాత్రం మిగిలిన వేళల్లో సర్దుకోవాలి. ఆనందీబాయికి ఆ మిగులు చాలా తక్కువ. చదువు సకాలంలో పూర్తయినా, కొల్హాపూర్‌లో ఒక్క రోగినైనా చూసే వ్యవధి ఆమెకు దక్కలేదు.