కెమెరా నిర్మాత విక్టర్ హాసెల్‌బ్లాడ్

చంద్రమండలముపై మానవుడు తొలిసారి అడుగిడిన నాటి ఛాయాచిత్రములను చూడని విద్యార్థి మనలో నుండడు. 1969వ సంవత్సరము జూలై మాసమున ఆ చిత్రములను తీసిన వ్యోమగాముల పేర్లు మనకు కంఠస్థములే. కాని వారి చేతిలోని కెమెరాను నిర్మించినవాని పేరు మనలో ననేకులకు తెలియదు. అతడు స్వీడను దేశస్థుడు. పక్షులయందు మిక్కిలి మక్కువ గలవాడు. పేరు విక్టర్ హాసెల్‌బ్లాడ్. పక్షుల చిత్రములు తీయగోరి అతడు కలగన్న పెట్టె చంద్రుని చేరిన వృత్తాంతము తెలిసికొనదగినది.

విక్టర్ 1906వ సంవత్సరము మార్చి 8వ తేదీన గోథెన్‌బర్గ్ అను రేవుపట్టణమున జన్మించెను. అతని పూర్వులు 1841లో అచ్చట ఒక వర్తకసంస్థను స్థాపించిరి. విదేశముల నుండి దిగుమతియగు సరకులతోపాటు కెమెరాలును క్రమముగా వారి వ్యాపారమున చేరెను. 1888 నుండి అమెరికా దేశమందలి ఈస్ట్‌మన్ సంస్థవారి వస్తువులను వారు తెప్పించి విక్రయించుచుండిరి. 1908లో ఛాయాగ్రహణ సామగ్రి కొఱకు ప్రత్యేకముగ మఱియొక సంస్థయే వెలసెను. అనగా విక్టర్ కలిమిగల ఇంట, కెమెరాల నడుమ పెరిగెను.

వంశపారంపర్యముగ వచ్చు వ్యాపారమునకు అతనిని సిద్ధముచేయదలచి, పదునెనిమిదవ యేట, 1924లో, తండ్రి అతనిని జర్మనీలోని డ్రెస్డెన్ నగరమునకు పంపెను. ఆ నగరము ఆనాడు కెమెరా పరిశ్రమకు పట్టుకొమ్మ. పిదప అతడు ఫ్రాన్సు, అమెరికా దేశములలోను పనిచేసి, కెమెరాలు తయారగు తీరును, అమ్ముడుపోవు తీరును స్వయముగ గ్రహించెను. పని లేని వేళలలో అతనికి పక్షులే లోకము. వలసపక్షుల మార్గములను గుఱించి 1935లో సచిత్రముగ ఒక గ్రంథము వెలువరించెను. అయితే అతనికొక చిక్కు ఎదురయ్యెను. చక్కని వివరములనిచ్చు కెమెరాలు మిక్కిలి పెద్దవి. ఎగురు పక్షి వెంట త్రిప్పుటకు వీలుకానివి. చేతిలో నిముడు చిన్న కెమెరాలిచ్చు చిత్రములో, మిక్కిలి చిన్నవి. ఈ రెంటికి నడుమ నొకటి యుండవలెనని అతడు తలపోసెను.

1934లో అతడు ఎర్నా నాథోర్స్ట్ అను యువతిని వివాహమాడెను. కుటుంబవ్యాపారమును నడుపు విషయమున తండ్రితో పొత్తు కుదురలేదు. సిద్ధముగ నున్న పీఠమును విడిచి, విక్టర్ 1937లో అదే పట్టణమున స్వంతముగ నొక ఫోటో దుకాణమును తెఱచెను.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. స్వీడను తటస్థదేశమేయైనను తన గగనసీమను కాపాడుకొనవలసియుండెను. 1940లో జర్మనీ విమానమునకు చెందిన కెమెరా యొకటి స్వీడను సైన్యమునకు చిక్కెను. అధికారులు దానిని విక్టరునకు చూపి, ఇట్టిది చేయగలవాయని యడిగిరట. అట్టిది చేయజాలననియు, అంతకు మేలైనది చేయగలననియు అతడు బదులిచ్చెనని చెప్పుకొందురు. కార్లు బాగుచేయు కార్ఖానా ప్రక్కనున్న ఒక పాకలో, ఒక మెకానిక్కును తోడు చేసికొని, అతడు పని ప్రారంభించెను. 1941 నుండి 1945 వఱకు స్వీడను సైన్యమునకు అతడందించిన కెమెరాలు 342.

1942లో తండ్రి మరణింపగా విక్టర్ కుటుంబసంస్థను తన యధీనమునకు తెచ్చుకొనెను. యుద్ధము ముగిసినంతనే పాతకల మఱల చిగిర్చెను. లెన్సు వేఱు, ఫిలిము పెట్టె వేఱు, చూపుగాజు వేఱు. నడుమ పెట్టె యొక్కటే స్థిరము. దేనిని కావలసిన దానిని ఊడదీసి మఱియొకటి తగిలింపవచ్చును. కార్ల రూపకల్పనలో పేరుగన్న సిక్స్‌టెన్ సాసన్ ఈ కెమెరాకు రూపము దిద్దెను. 1948 అక్టోబరు 6వ తేదీన న్యూయార్కు నగరమున దానిని లోకమునకు చూపిరి. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి.

కథ ఇచ్చటనే ముగిసినచో అది కేవలము విజయగాథ యగును. కాని ఆ మొదటి కెమెరా నిలువలేదు. సెకండులో 1600వ వంతు కాలము మాత్రమే తెఱచుకొని మూసికొనునట్లు, పలుచని లోహపు రేకులతో దానియందు తెరను అమర్చిరి. ఆ వేగమే దానికి చేటు తెచ్చెను. తెర సున్నితమై తఱచు చెడుచుండెను. కొన్నవారు కెమెరాలను త్రిప్పి పంపుచుండిరి. పెట్టెపై చెక్కబడినది వంశనామము. అది చెడిన ప్రతిసారి నూరేండ్ల పేరే చెడుచుండెను.

అపుడు విక్టర్ చేసిన పని గమనింపదగినది. తప్పును కొన్నవారిపై నెట్టలేదు, పనిని మానలేదు. 1950వ దశకపు తొలి యేండ్లలో వేగమును సెకండులో 1000వ వంతునకు తగ్గించి రెండవ నమూనాను తెచ్చెను. దానితోను తృప్తి చెందక, తెరను పెట్టెలో నుండి తీసివైచి లెన్సులోనే అమర్చి, 1957లో 500సి అను నమూనాను వెలువరించెను. దాని వేగము 500వ వంతు మాత్రమే. కాగితముపై చూచినచో ఇది వెనుకంజ. కాని ఈ కెమెరా చెడదు. ఎండలోను మంచులోను నమ్మినవానిని మోసపుచ్చదు. గొప్పను తగ్గించుకొని నమ్మకమును పెంచుకొనుటకు అతనికి తొమ్మిదేండ్లు పట్టెను.

ఈ కెమెరాతో అభ్యాసము మొదలిడువాడు తొలుత దాని బరువును గుర్తించును. లెన్సు, ఫిలిము పెట్టెలతో కలిపి అది సుమారు కిలోన్నర తూగును. అందు బ్యాటరీ లేదు. వెలుతురును కొలుచు సాధనము లేదు. దానిని విడిగా కొలిచికొనవలెను. 120 అను పేరు గల ఫిలిము చుట్ట నెక్కించినచో పండ్రెండు చిత్రములు మాత్రమే వచ్చును. ఒక్కొక్కటి ప్రక్కకు 56 మిల్లీమీటర్లు గల చతురస్రము. సామాన్యపు 35 మిల్లీమీటర్ల ఫిలిము చిత్రముకంటె వైశాల్యమున మూడున్నర రెట్లకు మించినది. కెమెరాను కంటికానింపక, నడుమునకు పైగా పట్టుకొని, తల వంచి మీది గాజుపలకలోనికి చూడవలెను. అందు కుడియెడమలు తారుమారై తోచును. ఫిలిమునకు ముందుండు లోహపు పలకను లాగినగాని మీట కదలదు. మీట నొక్కినంతనే గాజు చీకటియగును. ప్రక్కనున్న పిడిని త్రిప్పి ఫిలిమును జరిపిన పిదపనే దృశ్యము మఱల కనబడును. ఎడమ అరచేతిపై పెట్టెను నిలిపి, కుడిచేతితో లెన్సును సవరించు నేర్పు కొన్నాళ్లకు గాని కుదురదు. మొదటి రెండు చుట్టలు ఈ తికమకలకే ఖర్చగుట వింతకాదు. పండ్రెండే చిత్రములు గనుక ప్రతిసారియు నిలిచి, చూచి, ఆలోచించి మీట నొక్కవలెను. ఇదియే ఆ బరువు నేర్పు పాఠము.

1962లో వాల్టర్ షిర్రా అను అమెరికా వ్యోమగామి హ్యూస్టన్ నగరమున ఒక దుకాణములో 500సి కెమెరాను కొనెను. వెలుతురు తళుకులీనకుండ దానికి నల్లరంగు పూయించి, ఆ యేడు అక్టోబరు 3వ తేదీన తనతో అంతరిక్షమునకు తీసికొనిపోయెను. నాటినుండి ఈ కెమెరాలు వ్యోమగాముల సహచరులయ్యెను. 1968 డిసెంబరు 24వ తేదీన చంద్రుని అంచు మీదుగా భూమి ఉదయించు దృశ్యమును బిల్ ఆండర్స్ బంధించినది ఈ కెమెరాతోనే. మఱుసటి యేడు ఇద్దఱు వ్యోమగాములు చంద్రునిపై దిగి దీనితో చిత్రములు తీసిరి. తిరుగు ప్రయాణమున శిలలను తేవలసియుండుటచే బరువు తగ్గింపక తప్పలేదు. కెమెరాను అచ్చటనే విడిచి ఫిలిము పెట్టెలను మాత్రము తెచ్చిరి.

విక్టర్ 1976లో సంస్థను విక్రయించి, 1978 ఆగస్టు 5వ తేదీన మరణించెను. ఆ దంపతులకు సంతానము లేదు. అతని యాస్తితో 1979లో వారిరువురి పేర ఒక ధర్మనిధి యేర్పడెను. అది 1980 నుండి ఉత్తమ ఛాయాగ్రాహకులకు బహుమానమొసగుచున్నది. 2022లో ఆ గౌరవము మన భారతదేశపు దయానితా సింగ్ గారికి లభించెను. ఫిలిముతో పనిచేయు ఆ వరుస కెమెరాల తయారీ 2013లో నిలిచిపోయినను, పాతవానిని సంపాదించి అభ్యసించువారు నేటికిని కలరు.

బాలబాలికలారా! మీ చేతికందిన పని మొదట బరువుగ తోచవచ్చును. కుడియెడమలు తారుమారు కావచ్చును. తొలి ప్రయత్నము చెడి మీ యొద్దకే తిరిగి రావచ్చును. విక్టర్ హాసెల్‌బ్లాడ్ కెమెరాయు అట్లే తిరిగి వచ్చెను. అతడు దానిని విప్పి, చూచి, మఱల కూర్చెను. పెట్టె చంద్రునిపై మిగిలిపోయెను. అది చూచిన దృశ్యము మాత్రము మనకు దక్కెను.