బెంగళూరు నాగరత్నమ్మ: ఆమె అచ్చేయించిన పుస్తకాన్ని పోలీసులు ఎందుకు పట్టుకెళ్లారు?

1911, మద్రాసు. ఏడాది కిందటే అచ్చైన ఓ తెలుగు కావ్యం కాపీలను పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. కారణం.. అందులో అశ్లీలం ఉందట! ఆ పుస్తకం రాధికా సాంత్వనము. బయటికి తెచ్చింది బెంగళూరు నాగరత్నమ్మ.

1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టారామె. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. సంగీతం, నాట్యం, తెలుగు, సంస్కృతం చిన్నప్పుడే నేర్చారు. మద్రాసు వచ్చాక ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన!

ఇక ఆ కావ్యం రాసిన ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండేది. ఇళను తనే పెంచి, కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత తట్టుకోలేక అలిగిన రాధ కథ ఇది. 1887లో అచ్చైంది కానీ కొన్ని పద్యాలు కత్తిరించేశారు. నాగరత్నమ్మ తాళపత్ర ప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో వావిళ్ల వారితో పూర్తిగా వేయించారు.

కందుకూరి వీరేశలింగం అప్పటికే ముద్దుపళనిని వేశ్యగా తీసిపారేశారు. ఆడవాళ్లు నోటితో అనకూడని పద్యాలన్నారు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగ కవులకు అక్కర్లేదా అని నిలదీశారు. పంతులుగారు స్వయంగా పరిశీలించి అచ్చుకు ఒప్పుకున్న పుస్తకంలోనే ఇంతకన్నా పచ్చి వర్ణనలున్నాయని చూపించారు. అంత పెద్దాయన్ని అప్పట్లో అలా అడగడం మామూలు విషయం కాదు.

పండితులు సర్కారుకు అర్జీ పెట్టుకున్నా లాభం లేకపోయింది. నిషేధం మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఎత్తేయలేదు.

1927లో దేవదాసీ పద్ధతి రద్దు కోసం ముత్తులక్ష్మీ రెడ్డి కదిలినప్పుడు నాగరత్నమ్మ ఎదురు నిలిచారు. మేం కళాకారులం, మమ్మల్ని వేశ్యలతో కట్టేయొద్దన్నది ఆమె వాదన. అయితే ఆమెలా పేరు, ఆస్తి ఉన్నవాళ్లు ఎందరు? మన మహబూబ్‌నగర్ పల్లెల్లో జోగినిగా మారిన పేదింటి పిల్లకు కచేరీ లేదు, ఆస్తి లేదు. ఆ పద్ధతిని నిషేధించే చట్టం 1988లో గానీ రాలేదు.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిందీ నాగరత్నమ్మే, సొంత డబ్బుతో. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే, వాళ్లతోనే వేరే ఆరాధన నడిపించారు.

1952లో వావిళ్ల వారు రాధికా సాంత్వనము మళ్లీ వేశారు. అదే ఏడాది మే 19న ఆమె కన్నుమూశారు. ఆమె సమాధి కూడా తిరువయ్యారులోనే, త్యాగరాజస్వామి సమాధికి దగ్గర్లోనే ఉంది.