బుస్సీ దొర – బొబ్బిలి అపార్థం

బొబ్బిలి కథను బుర్రకథగా విన్న మొగల్తూరు వంటి గోదావరి గ్రామాలవారికి బుస్సీ పేరు కొత్త కాదు. కథలో ఆయన ఫిరంగుల దొర. ఆయన ప్రక్కన లంచానికి ఆశపడి మాటను వంకర చేసిన దుబాసీ హైదర్ జంగు. కథకు ఇంతమాత్రం చాలును. ఆ దొర జీవితాన్ని పరిశీలించగా మాకు మాత్రం వేరొక సంగతి తోచినది.

షార్ల్ జోసెఫ్ పాతిస్సియే ద బుస్సీ ఫ్రెంచి కంపెనీ సేనలో ఎదిగినవాడు. 1750లో సెంజికోటను పట్టి డూప్లే మెప్పు పొందాడు. మరుసటి ఏడు ముజఫర్ జంగుతో దక్కనుకు బయలుదేరగా ఆ నవాబు దారిలోనే హతుడైనాడు. బుస్సీ తడబడక సలాబత్ జంగును గద్దె నెక్కించాడు. 1753లో సేనల జీతాలకై ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను పొందాడు. మన డెల్టా సీమ ఆ విధంగా ఫ్రెంచివారి చేతి క్రిందకు వచ్చినది.

1756 చివర బుస్సీ సర్కారులకు దిగివచ్చినప్పుడు విజయనగరం విజయరామరాజు సేనతో ఎదురేగి కలిసినాడు. బొబ్బిలి రంగారావు రాలేదు. ఇరువురు సంస్థానాధీశులకు సరిహద్దు పోరు, ఏటినీటి పోరు చిరకాలంగా ఉన్నవి. బుస్సీ ఒక రాజీ సూచించాడు: గత తప్పులు మన్నిస్తాము, బొబ్బిలిని విడిచిపెట్టు, అంత విలువగల భూమి వేరొక చోట ఇస్తాము. దొర లెక్కలో అది ఔదార్యం. శిస్తు సరిపోయినచో భూమికి భూమి సమానమే కదా! రంగారావుకు అది తాతలనాటి గడ్డను వదలుకొమ్మన్న అవమానం. ఒకరు శిస్తును, వేరొకరు పరువును పందెంగా ఒడ్డినారు.

అంతట ఫ్రెంచి సిపాయిల దండు ఒకటి అనుమతి పొంది బొబ్బిలి అడవుల గుండా పోతూ దాడికి గురి అయినది. ముప్పది మంది మరణించారు. దాడి రంగారావుదా, లేక విజయరామరాజు పన్నిన పన్నాగమా అన్నది ఆనాటి చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ సైతం తేల్చలేదు. బుస్సీ మాత్రం వెంటనే తేల్చుకొన్నాడు.

1757 జనవరి 24న కోట ముట్టడి జరిగినది. లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపుకొని, ఇండ్లకు నిప్పు పెట్టి, పోరాడి మడిసినారు. బ్రతికి బయటపడిన పసివాడు రంగారావు కుమారుడు. కొద్ది రాత్రులకే విజయరామరాజు తన డేరాలోనే పొడిచి చంపబడ్డాడు. చంపినవాడు తాండ్ర పాపారాయడని ప్రసిద్ధి.

ఇట్టి కలహాలను నేడు గణితజ్ఞులు క్రీడా సిద్ధాంతంతో విచారిస్తున్నారు. ఎదుటివాని మనసు తెలియని ఆటకు 1967–68లో హర్సాన్యి లెక్క కట్టాడు. అతని ఆటగాడికి తనకు తెలియదని తెలుసును. 1977లో బెనెట్ అంతకంటె చిక్కైన స్థితిని చూపాడు: ఇద్దరూ వేర్వేరు ఆటలు ఆడుతూ ఒకే ఆట అనుకొనుట. ఈ రెండవది బొబ్బిలికి చక్కగా అమరునని మా అభిప్రాయం.

మరి హైదర్ జంగు మాటేమిటి? ఆయన పుదుచ్చేరిలో ఫ్రెంచి నేర్చి బుస్సీకి దివాను కాగలిగినవాడు. ఫ్రెంచిలో తలచిన మాట తెలుగు దొర చెవి చేరేలోగా ఎన్ని నోళ్ళు మారినదో! అయినను ఒక్క దుబాసీ మీద నెపం వేసి బుస్సీని విడిచిపెట్టుట మాకు సమ్మతం కాదు. శత్రువును గురించి శత్రువు యొక్క శత్రువును అడిగి తెలుసుకొన్నవాడు ఆయనే. అడవిలోని దాడిపై విచారణకు నాలుగు దినాలు ఆగితే ఫ్రెంచివారికి పోయేదేమి?

హైదర్ జంగు 1758 మేలో ఔరంగాబాదులో నిజాం అలీ డేరాలో హత్యకు గురి అయినాడు. ఆ ఏడే లాలీ పిలుపుతో బుస్సీ దక్కను విడిచాడు. విజయనగరం వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారిపై అలిగి ఆంగ్లేయులను పిలిచాడు. డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడినారు. 1759 తొలినాళ్ళలో మొగల్తూరుకు దాపున ఉన్న నరసాపురం, ఏప్రిల్‌లో మచిలీపట్నం ఆంగ్లేయుల వశమైనవి. బుస్సీ 1760 జనవరిలో వందవాసి యుద్ధంలో చిక్కి, స్వదేశం చేరి, 1783లో మరల సేనతో వచ్చి, 1785 జనవరిలో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. సర్కారులను మాత్రం తిరిగి చూడలేదు.