రెండు చుట్ల పరుగులో చరిత్రకెక్కిన హితోమి

బొంరాస్‌పేట, ఆగస్టు 2: ఆడవాళ్ళ పరుగుల చరిత్రలో ఆగస్టు 2కు ప్రత్యేక స్థానముంది. 1928లో ఇదే రోజున జపాను యువతి కినుయే హితోమి ఒలింపిక్ పతకం గెలిచింది. సరిగ్గా మూడేళ్ళకు, 1931లో ఇదే రోజున కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 24 ఏళ్ళే.

హితోమి 1907 జనవరి 1న ఒకయామా ప్రాంతంలోని ఒక పల్లెలో రైతు కుటుంబంలో పుట్టింది. బడిలో మొదట టెన్నిస్ ఆడేది. 1923లో జిల్లా పోటీల్లో 4.67 మీటర్లు దూకి అందరి దృష్టిలో పడింది. తర్వాత టోక్యోలో వ్యాయామ విద్య చదివి, 1926లో ఒసాకాలోని ఒక దినపత్రికలో విలేకరిగా చేరింది. ఆ ఏడే రైలులో సైబీరియా దాటి ఒంటరిగా స్వీడన్ వెళ్ళింది. అక్కడ జరిగిన మహిళల ప్రపంచ క్రీడల్లో ఆసియా ఖండం నుంచి పాల్గొన్నది ఆమె ఒక్కతే. లాంగ్‌జంప్‌లో 5.50 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. 1928 మే నెలలో దాన్ని 5.98 మీటర్లకు పెంచింది.

ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు పరుగుపందేల్లో తొలిసారి చోటు దక్కింది. మన హాకీ జట్టు తొలి స్వర్ణం తెచ్చింది కూడా అక్కడి నుంచే. హితోమి 100 మీటర్ల పరుగులో సెమీ ఫైనల్‌లోనే ఓడిపోయింది. ఉత్త చేతులతో దేశానికి తిరిగి పోలేక, అంతకుముందు ఏ పోటీలోనూ పరుగెత్తని 800 మీటర్ల పందేనికి దిగింది. అంటే 400 మీటర్ల బాట మీద రెండు చుట్లు, అర మైలుకు కాస్త తక్కువ. ఫైనల్‌లో మొదట వెనుకబడినా, రెండో చుట్టులో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలవగా, హితోమి 2 నిమిషాల 17.6 సెకన్లలో రెండో స్థానం పొందింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి జపాను మహిళ ఆమే.

పరుగు ముగిశాక కొందరు అలసి నేల మీద పడుకున్నారు. మగవాళ్ళ పందేల్లోనూ ఇది మామూలే. కానీ కొన్ని పత్రికలు పలువురు మధ్యలోనే కుప్పకూలారని రాశాయి. నిజానికి ఫైనల్‌లో పరుగెత్తిన తొమ్మిదిమందీ గమ్యం చేరారు. అయినా ఇంత దూరం ఆడవాళ్ళ ఒంటికి పడదంటూ ఆ పరుగును ఒలింపిక్స్ నుంచి తీసేశారు. 1960 రోమ్ క్రీడల దాకా, అంటే 32 ఏళ్ళపాటు, మళ్ళీ పెట్టలేదు.

స్వదేశంలోనూ హితోమికి సూటిపోటి మాటలు తప్పలేదు. ఆడపిల్లకు ఈ పరుగులేమిటని, పెళ్ళి చేసుకొమ్మని చెప్పినవారే ఎక్కువ. ఆమె లెక్క చేయలేదు. బాలికల బడులు తిరిగి చందాలు పోగుచేసి, 1930లో మరికొందరు యువతులను వెంటబెట్టుకొని ప్రాగ్ పోటీలకు వెళ్ళింది. లాంగ్‌జంప్‌లో 5.90 మీటర్లతో స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత యూరప్‌లో ఊరూరా పోటీలు, తిరిగి వచ్చాక ఉద్యోగం, ఉపన్యాసాలు. విశ్రాంతి లేదు. 1931లో ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి, న్యుమోనియాతో మరణించింది. ప్రాగ్ నగరంలో ఆమె స్మారక ఫలకం ఉంది.

ఒకప్పుడు ఆడవాళ్ళకు పనికిరాదన్న ఆ పరుగులోనే 1984 ఒలింపిక్స్‌లో మన దేశపు షైనీ అబ్రహాం సెమీ ఫైనల్ చేరింది. తెలంగాణ అమ్మాయి అగసర నందిని 2023 ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. ఆ ఏడు పోటీల్లో చివరిది 800 మీటర్ల పరుగే.

పంద్రాగస్టు ఆటల పోటీలు దగ్గర పడుతున్నాయి. మన బడుల్లో ఆడపిల్లలకు ఈ రెండు చుట్ల పరుగు కూడా పెడితే, హితోమిని తలచుకోవడానికి అంతకంటే మంచి మార్గం లేదు.