ఓడ ప్రక్కనున్న గీత: సామ్యూల్ ప్లిమ్సాల్ జీవితము

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదివిన వారికి మంచిరేవులు అను స్థలము జ్ఞాపకముండును. అక్కడనుండి బయలుదేరినయెడల సరకునకే గాక ప్రాణములకును హాని కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతి ఆ ఖైదీ మాటను విడిచి నావికుని, ఓడ యజమానుని మాట నమ్మెను. పిమ్మట పెనుగాలిలో సరకును, కడకు గోధుమలను సయితము సముద్రములో పారబోయవలసి వచ్చెను. 276 మంది ప్రాణములు దక్కినవి గాని ఓడ దక్కలేదు.

ఇట్టి హెచ్చరికయే ఇంగ్లాండు దేశమున చేసినవాడు సామ్యూల్ ప్లిమ్సాల్. ఆయన 1824 ఫిబ్రవరి 10న బ్రిస్టల్ పట్టణమున జన్మించెను. కాంగ్రిగేషనల్ సంఘమునకు చెందినవాడు. లండనులో బొగ్గు వ్యాపారము చేసి దివాలా తీసి, కొంతకాలము కూలివారితోకూడ చౌక బసలలో కాలము గడిపెను. బీదలు బీదలకు చేయు సహాయమును ఆయన చూచినది అక్కడనే. తరువాత వ్యాపారము కోలుకొనెను. 1868లో డెర్బీ నుండి పార్లమెంటు సభ్యుడాయెను.

ఆ దినములలో ఓడకు మోయగలిగినంతకు మించి సరకు నింపుట వాడుక. ఓడ ప్రక్క నీటిపైన ఎంత ఎత్తు మిగిలియుండునో అదియే దానికి రక్ష. ఆ ఎత్తు తగ్గినకొలది అలలు పైతట్టు మీదికి ఎక్కును. ఓడ ఒరిగినప్పుడు అంచు నీట మునిగి, మరల నిలువబడు బలము పోవును. ఏరు దాటునప్పుడు పడవ అంచువైపు చూడనివారు మనలో ఎవరు? అయితే ఆ యజమానులకు బీమా సొమ్ము వచ్చును గనుక ఓడ మునిగినను నష్టము లేదు. ఒప్పందమున సంతకముచేసిన నావికుడు అట్టి ఓడ ఎక్కనన్నచో చెరసాల! శవపెట్టె ఓడలని జనులు వాటికి పేరు పెట్టిరి.

ఓడ ప్రక్కన బరువు గీత ఉండవలెనని ఆయనకు ముందే న్యూకాసిల్ వాసియైన జేమ్స్ హాల్ కోరియుండెను. ప్లిమ్సాల్ ఆ పనిని తలకెత్తుకొని 1873లో నావికుల దుఃఖమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అందులో యజమానులను దూషించినందున ఆయనపై వ్యాజ్యములు పడెను. నిదానము ఆయన స్వభావము కాదు.

1875 జూలై 22న ప్రధానమంత్రి డిజ్రేలీ ఓడల బిల్లును ఆ యేటికి విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించెను. ప్లిమ్సాల్ లేచి, పిడికిలి ఆడించుచు, నావికులను మరణమునకు పంపు దుర్మార్గులు ఈ సభలోనే ఉన్నారని కేకలు వేసెను. వారము తరువాత క్షమాపణ కోరెను గాని చెప్పిన సంగతులను వెనుకకు తీసికొనలేదు. దేశమంతయు ఆయన పక్షమాయెను. ప్రభుత్వము త్వరపడి ఆ యేడే తాత్కాలిక చట్టమును, 1876లో గీత తప్పనిసరియను చట్టమును చేసెను.

కాని ఆ గీత ఎక్కడ ఉండవలెనో యజమానుల ఇష్టమునకే విడువబడెను! ఒకడు పొగగొట్టము మీద గీయించెనని చెప్పుకొందురు. దాని స్థానమును చట్టము నిర్ణయించుటకు 1890 వరకు పట్టెను. ప్లిమ్సాల్ అది చూచి, 1898 జూన్ 3న ఫోక్‌స్టన్‌లో నిద్రించెను.

విశాఖపట్టణపు రేవునకు వచ్చు సరకు ఓడల నడిమి ప్రక్కను చూడుడి. వలయము, దాని మధ్యగా అడ్డగీత, చెంత చిన్న గీతలు కనబడును. మంచినీటిలో ఓడ మరింత దిగును గనుక దానికొక గీత, వెచ్చని సముద్రములకు ఒకటి, శీతకాలమునకు ఒకటి. కొన్ని చిన్న ఓడలకు అన్నిటికంటె క్రింద మరియొకటి కలదు. అది ఉత్తర అట్లాంటిక్ శీతకాలపు తుఫానులకు. అక్కడికి పోవు ఓడ తక్కువ సరకుతో బయలుదేరవలెను.