కొలువు పోయింది గానీ విద్య పోలే

ఫ్యాట్స్ వాలర్ అంటే జాజ్ పాటలు తెలిసినోళ్ళకు పియానోనే యాదికొస్తది. నాకైతే ఆయన మొదటి కొలువు కథనే మన పోరలకు ఎక్కువ అక్కరకొస్తదనిపిస్తది. మాటల్లేని సినిమాలకు ఆర్గన్ వాయించుడు గా కొలువు.

వాలర్ 1904ల న్యూయార్క్‌ల పుట్టిండు. అసలు పేరు థామస్. తండ్రి బాప్టిస్ట్ బోధకుడు, కొడుకు సుత దేవుని పనిలనే ఉండాలని ఆయన ఆశ. పిల్లగాడు చిన్నప్పుడే తండ్రి ప్రార్థనలకు ఆర్గన్ వాయించిండు. కానీ పదిహేనేండ్లకే సినిమా దిక్కు మళ్ళిండు. నల్లజాతోళ్ళు ఎక్కువుండే హార్లెం పేటల లింకన్ థియేటర్ల కుదిరిండు.

అది అల్కటి పని కాదు. తెర మీద బొమ్మను సూసుకుంటనే వాయించాలె. చేతులు మీటల మీద, కాళ్ళు కింది పెడళ్ళ మీద. దొంగను తరుముతుంటే జోరుగ, తల్లి ఏడుస్తుంటే మెల్లగ. సీను మారంగనే బాణీ అప్పటికప్పుడు మార్చి కట్టాలె. అప్పటికింకా పేరు రాని కౌంట్ బేసీ అదే థియేటర్ల ఈయన దగ్గర కూసొని, పెడళ్ళ మీద కాళ్ళెట్ల ఆడుతున్నయో సూసి ఆర్గన్ నేర్చుకున్నడు.

1927ల ‘ది జాజ్ సింగర్’ వచ్చింది. తెరనే మాట్లాడుడు, పాడుడు మొదలువెట్టింది. కొన్నేండ్లల్లనే అమెరికాల వేల మంది థియేటర్ వాద్యకారుల కొలువులు పోయినయ్. వాలర్ ఒక్క కొలువునే నమ్ముకోలే. అప్పటికే జేమ్స్ పి. జాన్సన్ దగ్గర పియానో నేర్చిండు. 1926లనే విక్టర్ కంపెనీకి పైపు ఆర్గన్ మీద రికార్డులిచ్చిండు. అటెన్క నాటకాలకు పాటలు కట్టిండు, రేడియోల వాయించిండు, పాడిండు, నవ్వించిండు. తెరను సూసి వాయించినోడు జనం మొకాలు సూసి వాయించుడు పట్టిండు.

ఒక్కటి మాత్రం నాకు కలుక్కుమంటది. పైసలకు కటకటైతే పాటల హక్కులు అగ్గువకే అమ్ముకున్నడు. గా పాటలు వేరేటోళ్ళ జేబులు నింపినయ్. 1943 డిసెంబర్ 15న కాన్సాస్ సిటీ దగ్గర, రైల్లనే న్యుమోనియాతోని పాణం పోయింది. అప్పటికి 39 ఏండ్లే.

ఫోన్ల పాటలు రికార్డు చేసి పెడుతున్న మన ఊరి పోరలకు, పోరగాళ్ళకు నేను చెప్పేది గిదే. మిషిన్ కొలువును గుంజుకుంటది గానీ చెవి, చెయ్యి నేర్చిన విద్యను గుంజుకోలేదు. గా విద్య నేర్చుడు సగం పని. సంతకం పెట్టేముందు కాగితం పూరా చదువుడు మిగిలిన సగం.